ఆకారం చెడితే యాంటీబాడీ గుర్తుపట్టదు: ఒక యాంటీజెన్ ప్రాజెక్టు డైరీ

దేనితో మొదలుపెట్టాలి

మా డిగ్రీ విద్యార్థులకు ఇమ్యునాలజీ ప్రాక్టికల్ అంటే ఇన్నాళ్లూ బ్లడ్ గ్రూపు చూడటమే. స్లైడు మీద రక్తపు చుక్క, పక్కనే యాంటీ-ఏ, యాంటీ-బి. కణాలు గుంపుకట్టాయా లేదా రాసుకుని వెళ్లిపోతారు. కార్ల్ లాండ్‌స్టైనర్ 1901లో ప్రచురించిన సంగతి అది, గొప్పదే. కానీ దాంతో ఆగిపోతే యాంటీజెన్ అంటే ఎర్ర రక్తకణం మీద ఉండే ఒక అక్షరం అనే అభిప్రాయం మిగులుతుంది. మిగతావాళ్లకేమో యాంటీజెన్ అంటే సూక్ష్మక్రిమి. రెండూ సగం సగం నిజాలే. రోగనిరోధక వ్యవస్థ గుర్తుపట్టి స్పందించగల అణువు ఏదైనా యాంటీజెన్, దాన్ని పట్టుకోవడానికి శరీరం తయారుచేసే ప్రోటీన్ యాంటీబాడీ.

అందుకే ఈ ప్రాజెక్టు. శరీరం యాంటీజెన్‌ను ఎలా గుర్తిస్తుంది, ఎలా స్పందిస్తుంది, వైద్యం దాన్ని ఎలా వాడుకుంటుంది అన్నది బల్ల మీద కళ్లకు కనిపించేలా కొన్ని ప్రయోగాలు తయారుచేయాలి. మాకు మేము పెట్టుకున్న షరతులు మూడు. మనుషుల రక్తం వద్దు, రోగకారక క్రిములు వద్దు, దీని కోసం కొత్తగా ఏ జంతువుకూ ఇంజెక్షన్ ఇవ్వకూడదు.

యాంటీజెన్‌గా ఆవు సీరం ఆల్బుమిన్ ఎంచుకున్నాం. ల్యాబ్‌లో అందరూ బీఎస్ఏ అంటారు. 583 అమైనో ఆమ్లాల గొలుసు, అణుభారం దాదాపు 66 కిలోడాల్టన్లు, ఆకారం నిలబెట్టడానికి లోపల 17 డైసల్ఫైడ్ బంధాలు. విషం కాదు, రోగం తేదు. అయినా కుందేలు శరీరానికి అది పరాయి ప్రోటీన్, కాబట్టి యాంటీజెన్. హాని చేయనిది కూడా యాంటీజెన్ కావచ్చన్న మొదటి పాఠం ఈ ఎంపికలోనే ఉంది.

పరిచయం ఉన్న ఒక పరిశోధన ల్యాబ్ వాళ్లు పాత పనిలో మిగిలిన కుందేలు సీరాలను (రక్తం గడ్డకట్టాక మిగిలే, యాంటీబాడీలు ఉండే ద్రవం) ఫ్రీజర్‌లోంచి తీసి ఇచ్చారు. ఒకే కుందేలుకు చెందిన మూడు ట్యూబులు: బీఎస్ఏ ఇవ్వకముందు తీసినది, మొదటి ఇంజెక్షన్ తర్వాత రెండు వారాలకు తీసినది, బూస్టర్లన్నీ అయ్యాక తీసినది. ఈ మూడూ దొరకడమే మా అదృష్టం. రోగనిరోధక స్పందన కాలంతో పాటు ఎలా ఎదుగుతుందో చూపించాలంటే ఇంతకంటే మంచి సరుకు ఉండదు.

ఆ కుందేలుకు బీఎస్ఏను ఒట్టిగా ఇవ్వలేదు, అడ్జువెంట్ అనే, స్పందనను పెంచే పదార్థంతో కలిపి ఇచ్చారు. శుభ్రమైన ప్రోటీన్‌ను ఊరికే ఎక్కిస్తే శరీరం పెద్దగా పట్టించుకోదు, ఒక్కోసారి దాన్ని సహించడం కూడా నేర్చుకుంటుంది. పరాయిది కావడం ఒక్కటే చాలదు, పక్కనే ఏదో ప్రమాదం ఉందన్న సంకేతం కూడా కావాలి. అప్పుడే కాపలా కాసే డెండ్రైటిక్ కణాలు మేల్కొని, యాంటీజెన్‌ను మింగి, లింఫు గ్రంథులకు మోసుకెళ్లి, స్పందనను నడిపించే తెల్ల రక్తకణాలైన టి కణాలకు చూపిస్తాయి. అల్యూమినియం లవణాలు ఈ పనికి పనికొస్తాయని 1926లో గ్లెన్నీ బృందం చూపింది. నేటికీ ఎన్నో టీకాల్లో ఉన్నది అదే.

జెల్ పోశాం

మొదటి ప్రయోగం ఔక్టర్లోని అనే శాస్త్రవేత్త పేరున్న జెల్. పద్ధతి 1940ల నాటిది, యంత్రాలు అక్కర్లేదు. పీహెచ్ 7.4 ఫాస్ఫేట్ బఫర్‌లో 1 శాతం అగరోజ్ మరిగించి చిన్న పెట్రీ డిష్షుల్లో పోశాం. గట్టిపడ్డాక మధ్యలో ఒక గుంట, దాని చుట్టూ మరికొన్ని తొలిచాం. మధ్య గుంటలో చివరి సీరం. చుట్టూ ఉన్నవాటిలో బీఎస్ఏ, గొర్రె ఆల్బుమిన్, కోడిగుడ్డు ఓవాల్బుమిన్, ఒట్టి బఫర్. తడి దూది పెట్టిన డబ్బాలో మూతపెట్టి వదిలేశాం.

మర్నాటికి సన్నటి తెల్లటి గీతలు వచ్చాయి. నల్ల కాగితం మీద పెట్టి పక్కనుంచి లైటు వేస్తే బాగా కనిపిస్తాయి. బీఎస్ఏ ముందు స్పష్టమైన గీత. బఫర్ ముందు ఏమీ లేదు. ఓవాల్బుమిన్ ముందు కూడా ఏమీ లేదు. పేరులో ఆల్బుమిన్ ఉన్నంత మాత్రాన యాంటీబాడీ మోసపోదు, ఆ రెండు ప్రోటీన్లకు చుట్టరికం లేదు.

గీత ఎందుకు వస్తుందో ఇక్కడ కాస్త ఆగి చెప్పాలి. ఐజీజీ అనే రకం యాంటీబాడీకి పట్టుకునే చేతులు రెండు. బీఎస్ఏ మీద అది పట్టుకోగల చోట్లు, అంటే ఎపిటోపులు, చాలా ఉన్నాయి. రెండు చేతులతో రెండు వేర్వేరు అణువులను పట్టుకుంటూ పోతే వల లాంటి అల్లిక ఏర్పడి, కరగలేక అక్కడే తెల్లగా పేరుకుంటుంది. యాంటీజెన్ మరీ ఎక్కువైనా, యాంటీబాడీ మరీ ఎక్కువైనా ఈ అల్లిక కుదరదు. ఈ లెక్కను 1930లలో హైడెల్‌బర్గర్, కెండాల్ తేల్చారు. జెల్‌లో సౌకర్యం ఏమిటంటే, రెండూ ఎదురెదురుగా పాకుతూ సరైన పాళ్లు ఎక్కడ కుదిరితే అక్కడ గీత అదే పడుతుంది.

అసలు ఆసక్తికరమైనది గొర్రె ఆల్బుమిన్. దాని ముందు కూడా గీత వచ్చింది, బీఎస్ఏ గీతతో కలిసింది కూడా. అయితే కలిసిన చోట బీఎస్ఏ గీత ఆగలేదు, చిన్న ముల్లులా గొర్రె గుంట వైపు కొంచెం ముందుకు సాగింది. ఆవు, గొర్రె ఆల్బుమిన్ల అమైనో ఆమ్లాల వరుస 90 శాతానికి పైగా ఒకటే. ఉమ్మడి ఎపిటోపులను పట్టుకునే యాంటీబాడీలు రెంటితోనూ కలిసిపోయాయి. ఆవుకు మాత్రమే ప్రత్యేకమైన ఎపిటోపులను పట్టేవి గొర్రె గీతను దాటుకుని వెళ్లి బీఎస్ఏను కలిశాయి. ఆ ముల్లు అంటే అవే.

పాఠ్యపుస్తకంలో క్రాస్ రియాక్టివిటీ అని ఒక్క పేరాలో ముగించే విషయం ఇది. వైద్యంలో దీనికి రెండు ముఖాలున్నాయి. 1796లో ఎడ్వర్డ్ జెన్నర్ ఆవు మశూచితో మనుషుల మశూచిని అడ్డుకోగలిగాడంటే కారణం రెండు వైరస్‌ల మధ్య ఉన్న ఈ పోలికే. గొంతులో స్ట్రెప్టోకాకస్ ఇన్ఫెక్షన్ వచ్చిపోయాక కొందరు పిల్లల్లో రుమాటిక్ జ్వరం గుండె కవాటాలను దెబ్బతీస్తుందంటే దానికీ కారణం పోలికే. బ్యాక్టీరియా కోసం తయారైన స్పందన గుండె ప్రోటీన్ల మీద కూడా పడుతుంది.

ఆకారం తీసేస్తే

ఈ ప్రాజెక్టులో నాకు బాగా నచ్చిన భాగం ఇదే, అందుకే ఎక్కువ రాస్తున్నాను.

కొంత బీఎస్ఏ తీసుకుని యూరియాలో మడతలు విప్పి, డైథయోథ్రైటాల్‌తో డైసల్ఫైడ్ బంధాలు తెంచి, అవి మళ్లీ ముడిపడకుండా అయోడోఅసిటమైడ్‌తో మూసేశాం. తర్వాత డయాలిసిస్ చేసి రసాయనాలన్నీ కడిగేశాం. అమైనో ఆమ్లాల వరుస అదే, పొడవు అదే. పోయింది ఆకారం ఒక్కటే.

దీన్ని కొలవడానికి నేరుగా ఎలీసా (అంటుకున్న యాంటీబాడీని రంగుతో కొలిచే పరీక్ష) ప్లేటుకు అంటిస్తే సరిపోతుందని మొదట ఎవరికైనా అనిపిస్తుంది. చిక్కేమిటంటే, ప్లాస్టిక్‌కు అంటుకునేటప్పుడు మామూలు ప్రోటీన్ కూడా కొంత విప్పుకుంటుంది. అప్పుడు తేడా మసకబారుతుంది. అందుకని పోటీ పద్ధతి పెట్టాం. ప్లేటు మొత్తానికి మామూలు బీఎస్ఏ పూత. సీరాన్ని ముందుగా విడి ట్యూబుల్లో ఒకచోట మామూలు బీఎస్ఏతో, మరోచోట విప్పేసిన బీఎస్ఏతో కలిపి, ఆ తర్వాత ప్లేటులో పోయడం. ట్యూబులోనే యాంటీబాడీలు పట్టుబడిపోతే ప్లేటులో రంగు తగ్గాలి.

మామూలు బీఎస్ఏతో కలిపిన సీరం దాదాపు రంగు ఇవ్వలేదు. విప్పేసినదానితో కలిపినది ముదురు నీలం, ఏమీ కలపని సీరానికి కాస్త తక్కువ, అంతే. యాంటీబాడీల్లో ఎక్కువ భాగానికి ఆ ప్రోటీన్ ముక్కూమొహం తెలియలేదు. "వరుస మారలేదు కదా సార్, మరి ఎందుకు గుర్తుపట్టలేదు?" అని సాయం చేస్తున్న విద్యార్థిని అడిగింది. ఆ ప్రశ్న కోసమే ఈ ప్రయోగం. గొలుసులో ఎక్కడో దూరాన ఉన్న అమైనో ఆమ్లాలు మడత పడ్డాక పక్కపక్కకు వచ్చి ఉపరితలం మీద ఒక చిన్న మచ్చలా ఏర్పడతాయి. యాంటీబాడీలు తయారుచేసే బి కణం చూసేది ఆ మచ్చను. మడత విప్పితే మచ్చ చెదిరిపోతుంది.

టి కణాల సంగతి పూర్తిగా వేరు. అవి ప్రోటీన్‌ను ఉన్న రూపంలో చూడవు. కణం లోపల దాన్ని ముక్కలు చేసి, ఆ ముక్కలను ఎంహెచ్‌సీ అనే అణువు మీద పెట్టి బయటికి చూపిస్తే అప్పుడు చూస్తాయి. సీడీ8 టి కణాలకు చూపే ముక్క సాధారణంగా 8 నుంచి 10 అమైనో ఆమ్లాలు, సీడీ4 కణాలకు చూపేది ఇంకాస్త పొడుగు. ముక్కలు చేయబోయేదానికి ముందు ఆకారం ఉంటే ఎంత, లేకపోతే ఎంత? 1959లో గెల్, బెనాసెరాఫ్ గినీ పందుల మీద ఇది చూశారు. ఆకారం చెడగొట్టిన ప్రోటీన్‌ను మామూలు ప్రోటీన్ మీద తయారైన యాంటీబాడీలు సరిగా గుర్తించకపోయినా, టి కణాల వల్ల ఆలస్యంగా వచ్చే చర్మ స్పందన మాత్రం వచ్చింది.

క్షయ కోసం చేసే మాంటూ పరీక్ష నడిచేది ఈ తేడా మీదే. అందులో చర్మంలోకి ఎక్కించే పీపీడీ అనేది క్షయ బ్యాక్టీరియా పెరిగిన ద్రవాన్ని వేడిచేసి, అందులోంచి తీసిన ప్రోటీన్ల మిశ్రమం. అంత వేడికి ఆకారాలు చాలావరకు పోతాయి. అయినా టి కణాలకు కావలసిన ముక్కలు అందులో ఉంటాయి. 48 నుంచి 72 గంటల తర్వాత గట్టిపడిన వాపును కొలుస్తారు. అంత ఆలస్యం ఎందుకంటే, జ్ఞాపకం ఉన్న టి కణాలు ఆ చోటికి చేరి, సంకేతాలు విడుదల చేసి, మిగతా కణాలను పిలిచేసరికి అంత సమయం పడుతుంది.

టీకాల్లో ఆకారం పట్టించుకోకపోతే ఏమవుతుందో చెప్పడానికి ఆర్‌ఎస్‌వీ కథ చాలు. పసిపిల్లల ఊపిరితిత్తులకు సోకే వైరస్ ఇది. 1960లలో ఫార్మలిన్‌తో చంపిన వైరస్‌తో టీకా చేసి ప్రయత్నిస్తే రక్షణ రాలేదు సరికదా, తర్వాత వైరస్ సోకిన పిల్లల్లో జబ్బు మరింత తీవ్రమైంది. ఆ వైరస్ ఉపరితలం మీద ఉండే ఎఫ్ ప్రోటీన్‌కు కణంలోకి దూరకముందు ఒక ఆకారం, దూరాక మరొక ఆకారం. వైరస్‌ను గట్టిగా అడ్డుకునే యాంటీబాడీలు ఎక్కువగా పట్టేది మొదటి ఆకారాన్ని. అది నిలకడ లేనిది, ఇట్టే రెండోదానిలోకి మారిపోతుంది. 2013లో ఆ మొదటి ఆకారాన్ని అణువు స్థాయిలో చూసి, కొన్ని అమైనో ఆమ్లాలు మార్చి అలాగే నిలబెట్టే మార్గం కనిపెట్టారు. 2023లో ఆర్‌ఎస్‌వీ టీకాలకు అనుమతులొచ్చాయి. కోవిడ్ ఎంఆర్‌ఎన్‌ఏ టీకాల్లో స్పైక్ ప్రోటీన్‌లో రెండు అమైనో ఆమ్లాల స్థానంలో ప్రోలిన్ అనే అమైనో ఆమ్లం పెట్టింది కూడా ఇదే ఉద్దేశంతో.

మా పోటీ ప్లేటు ఫొటో పక్కన ఈ కథను పెట్టి హ్యాండవుట్ తయారుచేశాను. ఒకదాన్ని చూశాక రెండోది చెప్పడం తేలిక.

బీఎస్ఏతో ఒక తలనొప్పి

ఎలీసాలో యాంటీజెన్ పూత వేశాక ఖాళీగా మిగిలిన ప్లాస్టిక్‌ను ఏదో ఒక ప్రోటీన్‌తో కప్పాలి. లేకపోతే యాంటీబాడీలు అక్కడ అంటుకుని ఎక్కడపడితే అక్కడ రంగు వస్తుంది. దీనికి లోకమంతా వాడేది బీఎస్ఏ. మాకు అదే యాంటీజెన్ కాబట్టి కుదరదు. రెండో అలవాటు పాలపొడి. ఆవుపాలలో కూడా సీరం ఆల్బుమిన్ కొంత ఉంటుంది, అదీ వద్దు. చివరికి చేపల జెలటిన్ తెప్పించాం. ఇమ్యునాలజీ ల్యాబ్‌లో బీఎస్ఏ లేని బాటిల్ వెతకడం ఎంత కష్టమో లేబుళ్లు చదవడం మొదలుపెడితే తెలుస్తుంది. ఎంజైము అంటించిన యాంటీబాడీల్లో సైతం నిలవ ఉండటానికని దాన్నే కలుపుతుంటారు.

మూడు సీరాలు, యూరియా

ఎలీసాను 1971లో స్టాక్‌హోమ్‌లో ఎంగ్వాల్, పెర్ల్‌మాన్ రూపొందించారు. మేం చేసింది అందులో సాదా రకం. పీహెచ్ 9.6 కార్బొనేట్ బఫర్‌లో బీఎస్ఏ కలిపి 4 డిగ్రీల దగ్గర రాత్రంతా పూత, మర్నాడు చేపల జెలటిన్, తర్వాత సీరం పలుచనలు, కుందేలు ఐజీజీని పట్టుకునే ఎంజైము యాంటీబాడీ, చివరికి ఆ ఎంజైముతో కలిసి రంగు ఇచ్చే టీఎమ్‌బీ. నీలం వచ్చాక ఆమ్లం పోస్తే పసుపు, 450 నానోమీటర్ల దగ్గర కొలత.

ఇంజెక్షన్ ముందటి సీరం దాదాపు ఖాళీ. రెండు వారాలది మొదటి కొన్ని గుంటల్లో రంగు ఇచ్చి పడిపోయింది. బూస్టర్ల తర్వాతిది పలుచన చేస్తూ పోయినా రంగు వదలదు. విద్యార్థులు దీన్ని ఊహిస్తారు. ఊహించనిది యూరియా.

సీరం పోసి కడిగాక, ఒక వరుసను మామూలు బఫర్‌తో, దాని జంట వరుసను 6 మోలార్ యూరియాతో కాసేపు ఉంచి కడిగాం. వదులుగా పట్టుకున్న యాంటీబాడీలు యూరియాకు ఊడిపోతాయి, గట్టిగా పట్టినవి నిలుస్తాయి. రెండు వారాల సీరం రంగులో ఎక్కువ భాగం పోయింది. చివరి సీరం పెద్దగా చలించలేదు. పరిమాణం ఒక్కటే కాదు, పట్టు కూడా పెరిగిందన్నమాట.

దీని వెనుక ఉన్నది శరీరంలో జరిగే ఎంపిక. యాంటీజెన్ వచ్చి కొత్త యాంటీబాడీని తయారుచేయించదు. లక్షల రకాల బి కణాలు ముందే ఉంటాయి, ఒక్కోదానికి ఒక్కో పట్టు. యాంటీజెన్ తనకు సరిపోయేదాన్ని ఎంచి పెంచుతుందన్న ఈ సిద్ధాంతాన్ని 1957లో బర్నెట్ ప్రతిపాదించాడు. అన్ని రకాలు ఎలా పుడతాయో, జన్యువుల ముక్కలు అటూ ఇటూ కలిసి ఎలా కొత్త జన్యువు అవుతుందో తర్వాత సుసుము టోనెగావా చూపాడు. ఎంపికైన కణాలు లింఫు గ్రంథుల్లో విభజన చెందుతూ తమ యాంటీబాడీ జన్యువుల్లో చిన్న చిన్న మార్పులు చేసుకుంటాయి. బాగా పట్టేవి బతుకుతాయి, మిగతావి పోతాయి. తొలుత వచ్చే యాంటీబాడీ రకం ఐజీఎమ్, తర్వాత ఐజీజీ. మా ఎలీసా ఐజీజీనే చూస్తుంది కాబట్టి ఐజీఎమ్ ఈ ప్లేటులో కనిపించదని హ్యాండవుట్‌లో ప్రత్యేకంగా రాశాను.

ఆసుపత్రుల్లో ఈ యూరియా ఉపాయం నిజంగానే వాడతారు. గర్భిణికి టాక్సోప్లాస్మా అనే పరాన్నజీవి మీద యాంటీబాడీలు కనిపిస్తే ఇన్ఫెక్షన్ ఇప్పుడు వచ్చిందా, ఎప్పుడో పాతదా అన్నది పెద్ద టెన్షన్. ఐజీజీ పట్టు బలంగా ఉంటే ఇన్ఫెక్షన్ సుమారు నాలుగు నెలల కిందటిదో ఇంకా పాతదో అని తేల్చవచ్చు. గర్భం మొదట్లోనే ఈ ఫలితం వస్తే భయం చాలావరకు తీరుతుంది. పట్టు బలహీనంగా ఉంటే మాత్రం కొత్తదని ఖాయంగా చెప్పలేరు, కొందరిలో అది నెలల తరబడి అలాగే ఉంటుంది.

ఈ ఎదుగుదలకు టి కణాల సాయం తప్పనిసరి. బ్యాక్టీరియా పైపొర చక్కెరలతో చేసిన పాత టీకాలు రెండేళ్లలోపు పిల్లల్లో సరిగా పనిచేయకపోవడానికి కారణం అదే. ఎంహెచ్‌సీ మీద పెట్టడానికి చక్కెరలో ప్రోటీన్ ముక్కలు ఉండవు, కాబట్టి టి కణాలు కలగజేసుకోవు. ఆ చక్కెరను టెటనస్ టాక్సాయిడ్ (విషగుణం తీసేసిన ధనుర్వాత విషం) లాంటి ప్రోటీన్‌కు అతికిస్తే బి కణం రెంటినీ కలిపి మింగుతుంది, ప్రోటీన్ ముక్కను టి కణానికి చూపించి సాయం పొందుతుంది. పిల్లల్లో మెనింజైటిస్ తెచ్చే హిబ్ బ్యాక్టీరియా మీది కాంజుగేట్ టీకా ఈ ఉపాయమే. బల్ల మీద చూపించే ప్రయోగం దీనికి దొరకలేదు, బోర్డు మీద బొమ్మతో సరిపెడుతున్నాం.

పట్టీ

చివరి ప్రయోగం ర్యాపిడ్ టెస్టు పట్టీని చేత్తో చేయడం. ఇక్కడ యాంటీజెన్ మార్చాం, ఓవాల్బుమిన్. పట్టీలో రంగు చూపే బంగారు కణాలను కప్పడానికి వాడేది మళ్లీ బీఎస్ఏనే కాబట్టి ఆ గొడవ ఎందుకని. నైట్రోసెల్యులోజ్ పట్టీ మీద పిపెట్ కొనతో రెండు గీతలు గీశాం: కింద ఓవాల్బుమిన్‌ను పట్టే కుందేలు యాంటీబాడీ, పైన కుందేలు ఐజీజీని పట్టే మేక యాంటీబాడీ. పై అంచున ఫిల్టర్ పేపరు. చేత్తో గీసిన గీతలు కాస్త లావుగా, వంకరగా వచ్చాయి, పనికి అడ్డేమీ లేదు. ట్యూబులో శాంపిల్, దాదాపు 40 నానోమీటర్ల బంగారు కణాలకు అంటించిన యాంటీబాడీ కలిపి పట్టీని ముంచితే ద్రవం పైకి పాకుతుంది. ఓవాల్బుమిన్ ఉంటే రెండు ఎర్ర గీతలు, లేకపోతే పైది ఒక్కటే.

గర్భ పరీక్ష, మలేరియా, కోవిడ్ యాంటీజెన్ పట్టీల నిర్మాణం ఇదే. తేడా ఏమిటంటే వాటిలో సాధారణంగా మోనోక్లోనల్ యాంటీబాడీలుంటాయి. ఒకే ఎపిటోప్‌ను పట్టే ఒకే రకం యాంటీబాడీని ఎంత కావాలంటే అంత తయారుచేసే దారి 1975లో కోలర్, మిల్‌స్టీన్ చూపారు. కేన్సర్ కణం మీది హెర్2 అనే ప్రోటీన్‌ను పట్టే ట్రాస్టుజుమాబ్ లాంటి మందులకూ మూలం అదే.

ఓవాల్బుమిన్‌ను పదింతల చొప్పున పలుచన చేసుకుంటూ వరుసగా పట్టీలు ముంచాం. పలుచనవాటిలో గీత లేత ఎరుపు, మధ్యవాటిలో ముదురు. అన్నిటికంటే చిక్కటి ద్రావణంలో ముంచినదానిలో కింది గీత మళ్లీ పాలిపోయింది! యాంటీజెన్ మరీ ఎక్కువైతే బంగారం మీది యాంటీబాడీలను, గీత మీది యాంటీబాడీలను విడివిడిగా నింపేస్తుంది, రెంటి మధ్య వంతెనగా నిలబడే అణువు మిగలదు. జెల్‌లో అల్లిక కుదరకపోవడానికి చెప్పిన కారణమే ఇది. హుక్ ఎఫెక్ట్ అంటారు. హార్మోన్, ట్యూమర్ మార్కర్ పరీక్షల్లో ఎక్కువ ఉన్నా తక్కువ చూపే ప్రమాదం ఉంది కాబట్టి, రోగి లక్షణాలకు ఫలితం పొసగనప్పుడు ల్యాబ్ వాళ్లు శాంపిల్ పలుచన చేసి మళ్లీ చూస్తారు.

చిన్న అణువులకు ఈ శాండ్‌విచ్ (రెండు యాంటీబాడీల మధ్య యాంటీజెన్) కుదరదు, ఒకేసారి రెండు యాంటీబాడీలు పట్టడానికి చోటుండదు. మాదకద్రవ్యాల పట్టీలు అందుకే పోటీ పద్ధతిలో ఉంటాయి. వాటిలో గీత రాకపోతేనే పాజిటివ్. ఆ తిరగేసిన పట్టీని కూడా విద్యార్థుల చేత చేయించాలని ఉంది. బయోటిన్ అనే విటమిన్ అంటించిన బీఎస్ఏ గీతగా, విడి బయోటిన్ శాంపిల్‌గా సరిపోతాయనుకుంటున్నాను. దానికి కావలసిన, బయోటిన్‌ను గట్టిగా పట్టే స్ట్రెప్టావిడిన్ అంటించిన బంగారు కణాలు ఇంకా రాలేదు. ఈలోగా పట్టీలు తేమ లేకుండా ఉంచే డెసికేటర్‌లో ఎంతకాలం నిలుస్తాయో చూడటానికి సగం లోపల, సగం బయట పెట్టాం. మొదటి బ్యాచ్ విద్యార్థులకు జెల్, పోటీ ప్లేటు, పట్టీ ఈ వరుసలో ఇస్తాం. యూరియా ప్లేటుకు సీరం తక్కువ ఉంది కాబట్టి అది మేమే చేసి చూపిస్తాం.